12 వేల లోపు: చేతిలో పట్టుకుని నెట్ చూడటానికి ఎన్810నా, ఐపాడ్ టచ్చా, ఈ63నా?

గుంటూరు ప్యాసింజర్
6 ఫిబ్రవరి 2010, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

నేను రోజూ గుంటూరు నుంచి విజయవాడకి ప్యాసింజర్లో వెళ్ళొస్తాను. పోను గంట, రాను గంట. కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ ఇవ్వకపోతే ఇంకో అరగంట. ఆ టైములో నెట్ చూసుకుందామని ఆశ. ల్యాప్‌టాప్ తీసే చోటుండదు, సీటు దొరికితేనే పండగ. చాలాసార్లు ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని నిలబడే ఉంటాను.

ఇప్పుడున్న ఫోను నోకియా 3110 క్లాసిక్. ఎడ్జ్ (3జీ కన్నా ముందుతరం మొబైల్ నెట్), బ్లూటూత్ ఉన్నాయి. బడ్జెట్ 12 వేలు, ఇంట్లో చెప్పింది 10. మూడు అనుకుంటున్నాను.

సెకండ్ హ్యాండ్ నోకియా ఎన్810, నెట్ చూసే చిన్న టాబ్లెట్. మా ఫ్రెండు అబిడ్స్ జగదీష్ మార్కెట్లో చూశాడు, 9 వేలు చెప్పారట.
ఐపాడ్ టచ్ 8 జీబీ. మా పెద్దమ్మ కొడుకు మార్చిలో అమెరికా నుంచి వస్తున్నాడు. అక్కడ 199 డాలర్లు.
నోకియా ఈ63 ఫోను, కొత్తది. ఇక్కడే బిల్లుతో దొరుకుతుంది.

మెయిల్, క్రికెట్ స్కోరు, బ్లాగులు, ఎప్పుడన్నా తత్కాల్ టిక్కెట్టు. ఇంతే నా పని. పేజీలు కంప్యూటర్లో వచ్చినట్టు రావాలి. ఏది మంచిదో చెప్పగలరు.


టచ్ వీరుడు
6 ఫిబ్రవరి 2010, రాత్రి 10:05

ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రదర్? ఐపాడ్ టచ్. సఫారీలో రెండుసార్లు తట్టితే కాలమ్ సరిగ్గా స్క్రీనుకి అతుక్కుంటుంది, రెండు వేళ్ళతో పెద్దది చేసుకోవచ్చు. ఎన్810 వచ్చింది 2007లో. స్టైలస్‌తో పొడుచుకుంటూ కూర్చోవాలి. నిలబడి ఒక చేత్తో వాడతానంటున్నారు కదా, స్టైలస్ కింద పడితే ప్యాసింజర్ పెట్టెలో వెతుకుతారా?


పెంగ్విన్ పంతులు
6 ఫిబ్రవరి 2010, రాత్రి 10:51

వీరుడు గారూ, ఐపాడ్ టచ్‌కి వైఫై తప్ప దిక్కు లేదు. ప్యాసింజర్లో వైఫై ఎవరిస్తారు, టీసీయా?

గుంటూరు గారూ, నేనుండేది మంగళగిరి, మీ దారిలోనే. ఎన్810 రెండేళ్ళుగా వాడుతున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతా.

స్క్రీను 4.13 అంగుళాలు, 800×480. ఐపాడ్‌ది 3.5 అంగుళాలు, 480×320. అడ్డంగా 800 చుక్కలంటే చాలా సైట్లు పక్కకి జరపకుండా చూడొచ్చు. ఐపాడ్‌లో మొత్తం పేజీ చిన్నగా కనిపిస్తుంది, చదవాలంటే ప్రతిసారీ పెద్దది చేయాలి. ఎన్810 బ్రౌజరు మొజిల్లా గెకో ఇంజన్ మీద కట్టింది. జావాస్క్రిప్ట్ నడుస్తుంది, ఫ్లాష్ 9 (పేజీల్లో కదిలే బొమ్మలు చూపించేది) ఉంది. ఐపాడ్‌లో ఫ్లాష్ లేదు, మొన్న 27న చూపించిన ఐప్యాడ్‌లోనూ లేదు. కింద నుంచి జరిపితే కీబోర్డు బయటకొస్తుంది. ఫోను జేబులో పెట్టుకుని బ్లూటూత్‌తో కలుపుకుంటే చాలు, మీ 3110తోనే నెట్ వస్తుంది.

లోపాలూ చెప్పాలి. ర్యామ్ 128 ఎంబీ, ప్రాసెసర్ 400 మెగాహెర్ట్జ్. మూడు బరువైన పేజీలు తెరిస్తే ఊపిరాడదు. వీడియో చూడాలనుకుంటే మర్చిపోండి. బరువు 226 గ్రాములు, ఒంటి చేత్తో అరగంట పట్టుకుంటే మణికట్టు లాగుతుంది. ఇది ఫోను కాదు, కాబట్టి రెండు వస్తువులు చార్జింగ్ పెట్టుకోవాలి. బ్యాటరీ బీపీ-4ఎల్, 1500 ఎంఏహెచ్. ఈ63లోనూ ఇదే బ్యాటరీ, అది గుర్తు పెట్టుకోండి.

రెసిస్టివ్ స్క్రీను, అంటే ఒత్తితే పలికే స్క్రీను గురించి ఒక మాట. దాన్ని వెక్కిరిస్తారు గానీ గోటితో నొక్కినా పలుకుతుంది. మిరపకాయ బజ్జీ తింటూ వాడొచ్చు.


టచ్ వీరుడు
6 ఫిబ్రవరి 2010, రాత్రి 11:02

బజ్జీ తింటూ వాడటం కూడా ఫీచరేనా పంతులు గారూ 😀

వైఫై సంగతికి ఉపాయం ఉంది. ఎస్60 నోకియా ఫోన్లలో జోయికుస్పాట్ అనే యాప్ వేస్తే ఫోనే వైఫై పంచుతుంది. ఈ63 + ఐపాడ్ టచ్. రాజభోగం.


కోఠి భయ్యా
7 ఫిబ్రవరి 2010, ఉదయం 8:20

ఈ63, ఐపాడ్ రెండూ కొంటే అయ్యేది 12 వేలా 20 వేలా అన్నా? పైగా జోయికుస్పాట్ ఆన్ చేస్తే ఫోను వేడెక్కి బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతది. వైఫై, 3జీ రెండు రేడియోలు ఒకేసారి నడవాలె కదా.

అసలు నేను రాసేది వేరే సంగతి. జగదీష్ మార్కెట్లో 9 వేలకు ఎన్810 అంటే జర జాగ్రత్త. పోయినేడాది ఒక షాపులో (పేరు వద్దులే) ఇసొంటిదే ఒకటి తీసుకున్న. డబ్బా సీల్ ఉంది, లోపల చార్జర్ కొత్తది. ఇంటికి పోయినంక చూస్తే కీబోర్డు మీద అక్షరాలు ఇంకో దేశంవి. ఇంగ్లీషు ఎ, యు ల నెత్తిన చుక్కలు. మెయిల్ అడ్రస్‌లో వచ్చే గుర్తు కోసం మూడు మీటలు నొక్కాలె. వాపస్ ఇయ్యబోతే 'అది ఇంపోర్టెడ్ సార్, అట్లనే ఉంటది' అన్నడు. కొనేముందు కీబోర్డు బయటికి జరిపి చూడు. మెమరీ కార్డు స్లాటు కూడా చూడు, అది మినీఎస్‌డీ. ఇప్పుడు ఎక్కడ చూసినా మైక్రోఎస్‌డీలే, అడాప్టర్ కోసం నేను కోఠి మొత్తం తిరిగిన.


డాలస్ బావ
7 ఫిబ్రవరి 2010, రాత్రి 7:33

ఎవరూ నోకియా ఎన్900 మాటెత్తలేదేంటి? నవంబరులో వచ్చింది, నేను తీసుకున్నాను. 600 మెగాహెర్ట్జ్, 256 ఎంబీ ర్యామ్, 32 జీబీ, ఫోను కూడా అందులోనే. 800×480 ని 3.5 అంగుళాల్లో ఇరికించారు కాబట్టి అక్షరాలు చెక్కినట్టుంటాయి. గత వారమే మొజిల్లా వాళ్ళు దీనికోసం ఫైర్‌ఫాక్స్ 1.0 వదిలారు, యాడాన్లు కూడా వేసుకోవచ్చు. వెబ్ అంటే ఇదీ.


కోఠి భయ్యా
7 ఫిబ్రవరి 2010, రాత్రి 7:50

బావా, ఆయన బడ్జెట్ 12 వేలు. ఇంట్లో చెప్పింది 10. నువ్వు చెప్పేదానికి 30 వేలకు తక్కువ పడదు.


పాత రేడియో
7 ఫిబ్రవరి 2010, రాత్రి 9:15

నాకిప్పుడు 58. బెంగళూరులో ఉన్నప్పుడు సింప్యూటర్ అని మన దేశంలోనే చేసిన చేతి కంప్యూటర్ పట్టి చూశాను. 2004లో అమిడా పేరుతో అమ్మకానికి వచ్చింది, 320×240 స్క్రీను, లోపల లినక్సు. పల్లెటూరి మనిషికి తన భాషలో చదివి వినిపించాలన్నది వాళ్ళ ఆలోచన. అప్పట్లో చూసి 'ఇంక రెండేళ్ళలో అందరి చేతుల్లో ఇదే' అనుకున్నాను. నా జోస్యాలు ఇలాగే ఉంటాయి కాబట్టి ఏది కొనాలో నేను చెప్పను. చదువుతూ ఉంటాను.


వేదిక నిర్వాహకుడు
7 ఫిబ్రవరి 2010, రాత్రి 10:40

ఆపిల్ గొప్పదా లినక్స్ గొప్పదా అనే 14 పోస్టులు తీసేశాను. అడిగిన మనిషి రైల్లో నిలబడి ఉన్నాడు, ఆ సంగతి గుర్తుంచుకుని రాయండి.


సరళరేఖ
8 ఫిబ్రవరి 2010, మధ్యాహ్నం 1:10

మొదటి నుంచీ చదివాను. మెగాహెర్ట్జ్‌లు అయ్యాయి, చుక్కలు లెక్కపెట్టడం అయ్యింది, బజ్జీ కూడా అయ్యింది. గుంటూరు గారు 'బ్లాగులు' అన్నారు. తెలుగు బ్లాగులే అయ్యుంటాయి. ఇంతకీ వీటిలో తెలుగు కనిపిస్తుందా?


గుంటూరు ప్యాసింజర్
8 ఫిబ్రవరి 2010, మధ్యాహ్నం 2:02

అవునండీ తెలుగే. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి తెరిచి అందులో కనిపించినవన్నీ చదవడం నా అలవాటు. ఈమాట వెబ్ పత్రిక కొత్త సంచిక వస్తే ఆ వారం ఇంకేం చదవను. కనిపించదని అసలు అనుకోలేదే! కంప్యూటర్లో కనిపిస్తుంది కదా?


సరళరేఖ
8 ఫిబ్రవరి 2010, మధ్యాహ్నం 3:25

అదే వచ్చిన చిక్కు. కంప్యూటర్లో గౌతమి ఫాంటు ఉంటుంది, లేదా మనమే పోతన ఫాంటు వేసుకుంటాం. అక్షరాలు కలిపే పని సిస్టమ్ చూసుకుంటుంది. ఈ చేతి పరికరాల్లో అయితే రెండు గండాలు.

మొదటిది, ఫాంటే ఉండదు. అప్పుడు పేజీ నిండా డబ్బాలు. ఐఫోన్, ఐపాడ్ టచ్‌లు నడిచే ఓఎస్ 3లో తెలుగు ఫాంటు లేదు. మనం వేసుకోవడానికీ లేదు. ఆండ్రాయిడ్ వాళ్ళదీ ఇదే కథ, అక్కడ ఫోనుకి తాళం పగలగొట్టి ఫాంటు పెట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి రెండో గండం ఎదురైంది.

ఆ రెండోది అక్షరాలు కలవకపోవడం. 'క్ష' అంటే యూనికోడ్‌లో ఒక అక్షరం కాదు. క, పొల్లు, ష అని మూడు. వాటిని కలిపి గీసే ఇంజన్ లేకపోతే ఆ మూడూ విడివిడిగా వరసలో నిలబడతాయి. 'రాష్ట్రం' అన్న మాట అలా చూస్తే ఎవరో సుత్తితో కొట్టినట్టుంటుంది. ఒక పేజీ అలా చదివాను. తలనొప్పి వచ్చింది, అతిశయోక్తి కాదు.

ఇంగ్లీషు వాళ్ళ సమీక్షల్లో ఈ సంగతి ఎక్కడా ఉండదు. వాళ్ళకి అవసరం లేదు.


పెంగ్విన్ పంతులు
8 ఫిబ్రవరి 2010, రాత్రి 8:14

అక్క చెప్పింది నిజం. నేను రెండేళ్ళ కిందటే సర్దుకున్నాను కాబట్టి చెప్పడం మర్చిపోయాను, తప్పు నాదే.

ఎన్810లో లోపల ఉన్నది జీటీకే, పాంగో అనే లినక్సు ప్రోగ్రాములు. మన డెస్క్‌టాప్ లినక్సులో అక్షరాలు కలిపేది కూడా ఆ పాంగోనే. హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే ఫాంట్స్ ఫోల్డరు ఒకటి చేసి అందులో లోహిత్ తెలుగు ఫాంటు పడేశాను. బ్రౌజరు మూసి తెరిస్తే డబ్బాలు పోయి తెలుగు వచ్చింది. ఒత్తులు కిందే పడ్డాయి, గుడులు పైనే కూర్చున్నాయి.

ఇంకో లాభం ఉంది. తెలుగు టైపు చేసే లేఖిని సైటు కూడా పనిచేస్తుంది. మీట నొక్కినప్పుడల్లా జావాస్క్రిప్టుతో తెలుగులోకి మార్చడమే దాని పని. నిజం బ్రౌజరు, నిజం కీబోర్డు ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. బ్లాగుల్లో వ్యాఖ్యలు తెలుగులోనే రాస్తాను నేను.

కొన్ని దినపత్రికల సైట్లు మాత్రం ఎందులోనూ రావు. వాళ్ళు యూనికోడ్ కాకుండా సొంత ఫాంట్లు వాడుతున్నారు. డెస్క్‌టాప్ ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే యాడాన్ వేసుకుంటే అవి యూనికోడ్‌లోకి మారతాయి. చేతి పరికరంలో ఆ ఆశ పెట్టుకోవద్దు.


టచ్ వీరుడు
8 ఫిబ్రవరి 2010, రాత్రి 8:40

నేను తెలుగు సైట్లు చూడను కాబట్టి నాకు తెలియదు. ఇప్పుడే ఐపాడ్‌లో తెలుగు వికీపీడియా తెరిచాను. డబ్బాలే. ఒప్పుకుంటున్నాను.


కోఠి భయ్యా
8 ఫిబ్రవరి 2010, రాత్రి 9:31

అందరూ ఆగుర్రి. పైసా ఖర్చు లేని ముచ్చట చెప్త.

గుంటూరు అన్నా, నీ 3110లో ఒపెరా మినీ అనే బ్రౌజర్ వెయ్యి. అడ్రస్ కొట్టే చోట ఒపెరా:కాన్ఫిగ్ అని కొట్టు. ఇంగ్లీషులో, మధ్యల కోలన్, ఖాళీ ఉండొద్దు. ఒక చిట్టా వస్తది. అన్నిటికన్నా కింద, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అని ఉంటది. నో ని ఎస్ చెయ్యి, సేవ్ కొట్టు. ఇగ తెలుగు సైటు తెరువు.

ఒపెరా మినీ అంటే అసలు బ్రౌజర్ నీ ఫోన్‌లో ఉండదు, వాళ్ళ సర్వర్ల ఉంటది. ఆ సర్వరే పేజీ తెచ్చి, నలిపి, చిన్న మూట కట్టి నీకు పంపుతది. ఎస్ కొట్టినవంటే తెలుగు అక్షరాలను అక్కడనే గీసి బొమ్మలు చేసి పంపుతది. నీ ఫోన్‌కి ఫాంటుతో పని లేదు, కలిపే ఇంజన్‌తో పని లేదు.


గుంటూరు ప్యాసింజర్
9 ఫిబ్రవరి 2010, ఉదయం 10:15

భయ్యా!! వచ్చింది!!

పొద్దున నంబూరు దగ్గర కూడలి తెరిచాను. తెలుగు! నా 3110లో! పక్కాయనకి చూపించాను, ఆయనకి ఏం అర్థమైందో గానీ బాగుందన్నాడు.

కానీ స్క్రీను 1.8 అంగుళాలు, 128×160. వరసకి రెండు మూడు మాటలు పడుతున్నాయి. నంబూరు నుంచి చదవడం మొదలుపెడితే ఒక టపా అయ్యేసరికి మంగళగిరి వచ్చింది. పైగా నిన్న రాత్రి ప్రయత్నాల్లో బ్యాలెన్సు 30 రూపాయలు పోయింది. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే 'మీరు వాడిన యాక్సెస్ పాయింటు ప్లాన్‌లో లేదండీ' అన్నారు. ప్లాన్ ఒక యాక్సెస్ పాయింటుకట, ఫోన్లో ముందు నుంచి ఉన్నది ఇంకోటట.


సరళరేఖ
9 ఫిబ్రవరి 2010, మధ్యాహ్నం 12:48

భయ్యా గారి చిట్కా బ్రహ్మాండం. కానీ ధర ఉంది. అక్షరాలు బొమ్మలుగా వస్తాయి కాబట్టి డేటా పెరుగుతుంది. కాపీ చేయలేరు, పేజీలో మాట వెతకలేరు. లేఖిని పనిచేయదు, ఎందుకంటే జావాస్క్రిప్టు మన ఫోనులో కాదు, అక్కడ సర్వరులో నడుస్తుంది. మీట నొక్కిన ప్రతిసారీ అది అక్కడికి వెళ్ళి రాదు కదా. వ్యాఖ్య రాయాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయాల్సిందే.

స్క్రీను విషయంలో ఇంకో మాట. చిన్న స్క్రీనులో ఇంగ్లీషు బతికిపోతుంది. మన లిపికి పైన గుడి, కింద ఒత్తు, కొన్నిసార్లు ఒత్తు కింద ఇంకో ఒత్తు. నిలువునా చోటు కావాలి. చుక్కలు తక్కువైతే 'ఘ' ఏదో 'ఝ' ఏదో పోల్చుకోలేం. కాబట్టి చుక్కల లెక్క మనకి ఇంగ్లీషు వాళ్ళకన్నా ఎక్కువ అవసరం. ఈ విషయంలో ఎన్810 పెద్దపీట వేయించుకుంటుంది.


పాత రేడియో
9 ఫిబ్రవరి 2010, సాయంత్రం 6:05

అమ్మాయీ, ఇంకో లెక్క కూడా చూడు. వెబ్ పేజీల్లో యూనికోడ్ అక్షరాలు రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగుకి మూడు. ఒత్తు అంటే పొల్లుకి మూడు, హల్లుకి మూడు. 'స్త్రీ' అని రాయడానికి ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఎడ్జ్ మీద మామూలు బ్రౌజరు ఈ భారమంతా మోసుకురావాలి. కాబట్టి బొమ్మలుగా వస్తే డేటా పెరుగుతుందన్న మాట నిజమే కానీ మరీ భయపడేంత కాదు. బొమ్మలు, ప్రకటనలు నలిపేయడంలో మిగిలేది దీనికన్నా చాలా ఎక్కువ.


పెంగ్విన్ పంతులు
9 ఫిబ్రవరి 2010, రాత్రి 9:20

ఒపెరా మినీ వాడే అందరికీ ఒక హెచ్చరిక. పేజీని వాళ్ళ సర్వరు తెరుస్తుంది అంటే సురక్షిత పేజీని కూడా అక్కడే విప్పి, మళ్ళీ కట్టి పంపుతుంది. బ్యాంకు నుంచి నేరుగా మీ చేతికి వచ్చే తాళం కాదు అది. మధ్యలో ఒకచోట విప్పబడుతుంది. ఆ సంస్థ చెడ్డదని నేననడం లేదు, పద్ధతే అంత. బ్యాంకు పాస్‌వర్డులు, కార్డు నంబర్లు అందులో కొట్టకండి. తత్కాల్ టిక్కెట్టు అన్నారు కదా, అది ఫోనులో ఉండే అసలు బ్రౌజరుతోనే చేయండి. లేదా కౌంటరుకి వెళ్ళండి, ఎటూ స్టేషన్లోనే ఉంటారుగా!


డాలస్ బావ
10 ఫిబ్రవరి 2010, ఉదయం 7:12

అయితే చివరికి తేలింది ఎన్810 అన్నమాట. నేను ఎన్900 అంటే నవ్వారు, ఇదీ అదీ ఒకే కుటుంబం.


కోఠి భయ్యా
10 ఫిబ్రవరి 2010, ఉదయం 8:45

తేలలే బావా. ఆయన ఒక చేత్తో కడ్డీ పట్టుకుంటడు. ఎన్810కి కీబోర్డు తియ్యాలంటే రెండు చేతులు కావాలె, జేబులో ఇంకో ఫోన్, రెండింటి నడుమ బ్లూటూత్. అది కూర్చున్నోడి యంత్రం, నిలబడ్డోనికి కాదు. ఈ63 బొటనవేలుతో నడుస్తది. 2.4 అంగుళాల స్క్రీను, 320×240. 3110 కన్నా చుక్కలు మూడింతలకు పైనే. ఒపెరా మినీ వేస్కో, బిట్‌మ్యాప్ ఎస్ కొట్టు. రేపు 3జీ వేలం అయినంక ఫోన్ మార్చే పని కూడా లేదు, ఈ63లో 3జీ ఉంది. ఎన్810ని 3జీతో నడపాలంటే ముందు 3110ని మార్చాలె.


సరళరేఖ
10 ఫిబ్రవరి 2010, ఉదయం 11:30

చదవడానికి ఈ63, రాయడానికి ఎన్810 అని నా తీర్పు. గుంటూరు గారూ, మీరు వ్యాఖ్యలు రాస్తారా, చదివి ఊరుకుంటారా?


గుంటూరు ప్యాసింజర్
10 ఫిబ్రవరి 2010, రాత్రి 8:58

చదివి ఊరుకుంటానండీ. ఇక్కడ రాయడానికే రెండేళ్ళు పట్టింది.


గుంటూరు ప్యాసింజర్
24 ఫిబ్రవరి 2010, రాత్రి 11:16

ఈ63 కొన్నాను. ఎరుపు రంగు, విజయవాడ బీసెంట్ రోడ్డులో, బిల్లుతో. పది రోజులు వాడాక రాద్దామనుకున్నాను కానీ ఈ రోజు జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

సాయంత్రం బండి ఎక్కేసరికి సచిన్ 170 దాటాడు. పెట్టెలో ఈ63 ఉన్నది నా ఒక్కడికే. ఒపెరా మినీలో స్కోరు పేజీ తెరిచాను. మొదట పక్కాయన తొంగి చూశాడు. తర్వాత ఆయన వెనకాయన. తాడేపల్లి వచ్చేసరికి నా చుట్టూ పదిహేను మంది. ప్రతి నిమిషం రిఫ్రెష్ కొట్టమంటారు. 'కొట్టండి సార్, కొట్టండి' అని, నేనే బ్యాటింగ్ చేస్తున్నట్టు. ఒక చేతిలో కడ్డీ, ఒక చేతిలో ఈ63, బొటనవేలు నొప్పి.

199. మళ్ళీ కొట్టాను, 199. మళ్ళీ 199. అవతల ధోనీ ఆడుతున్నాడు, స్ట్రైకు ఇవ్వడం లేదని పెట్టెలో ఒకరిద్దరు ధోనీని తిట్టారు. ఇంతలో అసలు పేజీయే రావడం మానేసింది. దేశమంతా అదే పేజీ మీద పడినట్టుంది. కింద గీత సగం వరకూ వెళ్ళి ఆగిపోతుంది.

అప్పుడు మూల సీట్లో ఒకాయన ఫోను మోగింది. పాత నలుపు తెలుపు నోకియా, స్క్రీను మీద గీతలు. ఆయన ఎత్తి విని, మాతో 'మా ఆవిడ. కొట్టేశాడట' అన్నాడు. పెట్టె పెట్టెంతా అరిచింది. ఒకాయన నన్ను కౌగిలించుకున్నాడు, ఆయనెవరో ఇప్పటికీ తెలియదు.

నా ఈ63లో మంగళగిరి దాటాక వచ్చింది: 147 బంతుల్లో 200 నాటౌట్, 401/3.


కోఠి భయ్యా
24 ఫిబ్రవరి 2010, రాత్రి 11:40

అన్నీ పోల్చినం కానీ ఆయన భార్యను పోల్చలేదు. ఫాస్టెస్ట్ బ్రౌజర్.


పెంగ్విన్ పంతులు
25 ఫిబ్రవరి 2010, ఉదయం 6:55

నేను ఇంట్లో వైఫైలో ఎన్810 మీద చూశాను. ఫ్లాష్ స్కోరుబోర్డు. అదీ 199 దగ్గరే ఆగింది. ఇంత చెప్పాను కాబట్టి ఇదీ చెప్పాలి.


సరళరేఖ
19 అక్టోబర్ 2011, సాయంత్రం 4:20

పాత చర్చ పైకి తెస్తున్నందుకు మన్నించండి. ఈ నెల 5న ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ టాబ్లెట్ గురించి ఎవరూ మాట్లాడరేం? మన హైదరాబాద్‌లోనే కూరుస్తున్నారట. 7 అంగుళాలు, 800×480, ఆండ్రాయిడ్ 2.2, 256 ఎంబీ ర్యామ్, 366 మెగాహెర్ట్జ్. ప్రభుత్వం కొనే ధర 2,276 రూపాయలు.


పెంగ్విన్ పంతులు
19 అక్టోబర్ 2011, రాత్రి 9:02

నా 2007 ఎన్810కి 400 మెగాహెర్ట్జ్ అక్కా. అదీ రెసిస్టివే, ఇదీ రెసిస్టివే. 2,276కి అంతకన్నా అడగలేం, నిజమే. కానీ ఆండ్రాయిడ్ 2.2 అంటే తెలుగు? విద్యార్థుల కోసం అంటున్నారు, ఆ విద్యార్థి తెలుగు మీడియం అయితే?


సరళరేఖ
19 అక్టోబర్ 2011, రాత్రి 9:30

అదే అడుగుదామనే పైకి తెచ్చాను.


డాలస్ బావ
3 ఆగస్టు 2012, ఉదయం 5:48

అక్కా, నీ ప్రశ్నకి జవాబు. నెక్సస్ 7 టాబ్లెట్ తీసుకున్నాను. ఆండ్రాయిడ్ 4.1. పెట్టె విప్పి వైఫై పెట్టి ఈమాట తెరిచాను. ఫాంటు వేయలేదు, తాళం పగలగొట్టలేదు, ఒపెరా:కాన్ఫిగ్ లేదు. తెలుగు. 1280×800 మీద. 'రాష్ట్రం' సుత్తి దెబ్బ లేకుండా ఉంది. కన్నడం, మలయాళం కూడా కలిపారట.

ఇక్కడ పుట్టిన మా పాపకి చూపించి 'ఇది అమ్మమ్మ వాళ్ళ భాష' అన్నాను. వీడియో పెట్టమంది.


టచ్ వీరుడు
17 ఫిబ్రవరి 2018, ఉదయం 9:10

ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చాను, ఎవరైనా ఉన్నారా? ఐఫోన్ వాడేవాళ్ళు జాగ్రత్త. ఐఓఎస్ 11.2.5లో ఎవరైనా 'జ్ఞ'కి దీర్ఘం ఉన్న ఒక రకం మెసేజ్ పంపితే యాప్ కూలిపోతోంది. మధ్యలో కనిపించని విడదీసే సంకేతం ఒకటి ఉంటుందట. అప్పుడు తెలుగు చూపించేది కాదు, ఇప్పుడు చూసి పడిపోతోంది. మా ఆఫీసులో అందరూ నన్నే అడుగుతున్నారు, నేనేదో చేసినట్టు.


కోఠి భయ్యా
17 ఫిబ్రవరి 2018, ఉదయం 9:55

వీరుడూ, నువ్వు తెలుగు సైట్లు చూడవు కదా, నీకేం భయం?


గుంటూరు ప్యాసింజర్
17 ఫిబ్రవరి 2018, రాత్రి 9:37

అందరూ బాగున్నారా? మీ పేర్లు చూసి సంతోషమేసింది. నేనింకా అదే బండి.

ఒక సాయం కావాలి. ఆ రోజుల్లో ఒపెరా మినీలో నచ్చిన టపాలు దాచుకునేవాణ్ణి, సిగ్నల్ లేనప్పుడు చదువుకోవచ్చని. ఒక బ్లాగరు, విజయనగరం ఆవిడ, తన చిన్నతనం గురించి వరసగా రాసేవారు. మొన్న వెతికితే బ్లాగే లేదు, తీసేసినట్టున్నారు. నా ఈ63లో ఆ టపాలు పద్దెనిమిదో పందొమ్మిదో ఉండాలి. అక్షరాలు బొమ్మలుగా దిగాయి కాబట్టి ఫాంటు గొడవ కూడా ఉండదు. ఫోను అటక మీద దొరికింది. బ్యాటరీ మాత్రం గారెలా ఉబ్బి ఉంది, మూత కూడా పట్టడం లేదు. విజయవాడలో నాలుగు షాపులు తిరిగాను. కొత్తవని ఇచ్చినవి రెండూ నిమిషం నిలవలేదు.


పెంగ్విన్ పంతులు
17 ఫిబ్రవరి 2018, రాత్రి 10:20

బీపీ-4ఎల్. అప్పుడే గుర్తు పెట్టుకోమన్నాను.

నా ఎన్810 ఇంకా నడుస్తోంది, నెలకోసారి చార్జింగ్ పెడతాను. దాని బ్యాటరీ తీసిస్తా, మీ పని అయ్యాక తిరిగివ్వండి. ఫోను కూడా తెచ్చుకోండి, స్టేషన్లోనే పెట్టి చూద్దాం. ఏ బండికి వస్తారు?


గుంటూరు ప్యాసింజర్
17 ఫిబ్రవరి 2018, రాత్రి 10:24

సోమవారం సాయంత్రం ప్యాసింజర్. మంగళగిరిలో దిగుతాను, తర్వాతి బండికి వెళ్ళిపోతా. ఇంజన్ నుంచి మూడో పెట్టె. చేతిలో ఎర్ర ఈ63 ఉంటుంది.


సరళరేఖ
17 ఫిబ్రవరి 2018, రాత్రి 10:31

ఆ విజయనగరం ఆవిడ టపాల్లో చింతచెట్టు కింద బడి గురించి ఒకటి ఉండాలి. దొరికితే ఫొటో తీసి పెట్టండి. దాని కోసం నేనూ వెతుకుతున్నాను.